పూజారి అక్కర్లేని పండుగ: ఇరాన్ ఇళ్లలో నౌరూజ్

నౌరూజ్ అనే మాటకు అర్థం తెలియాలంటే తెలుగువాళ్లకు నిఘంటువు అక్కర్లేదు. 'నౌ' మన 'నవ'కు దాయాది. 'రూజ్' అంటే రోజే. పొద్దున లేస్తే మనం పదిసార్లు వాడే 'రోజు' ఫార్సీ నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయిన మాట. నౌరూజ్ అంటే కొత్త రోజు, అంతే. ఇరానీ కుటుంబాలు మార్చి మూడో వారంలో వసంతానికి స్వాగతం చెప్పే పండుగ ఇది. వాళ్ల సంవత్సరాది కూడా ఇదే.

విశేషమేమిటంటే ఈ కొత్త సంవత్సరం తెల్లవారితేనో, అర్ధరాత్రి పన్నెండు కొడితేనో రాదు. సూర్యుడు ఖగోళ మధ్యరేఖను దాటి ఉత్తరానికి అడుగుపెట్టే క్షణంలో వస్తుంది. ఆ క్షణం ఏ పూటైనా పడవచ్చు. టెహ్రాన్ గడియారం ప్రకారం 2022లో సాయంత్రం 7:03కి వచ్చింది. 2023లో అర్ధరాత్రి దాటాక 12:54కి, 2024లో ఉదయం 6:36కి, 2025లో మధ్యాహ్నం 12:31కి. ఏటా దాదాపు ఆరేసి గంటలు ముందుకు జరుగుతూ, లీపు సంవత్సరం రాగానే ఒక రోజు వెనక్కి వస్తుంది. మనం పంచాంగంలో సంక్రమణ సమయం చూసుకున్నట్టే వాళ్లు దీన్ని నిమిషాలు, సెకన్లతో సహా చూసుకుంటారు. ఫార్సీలో దీని పేరు 'తహ్వీలె సాల్', సంవత్సరం చేతులు మారడం అని. తహవీలు, సాలు రెండూ మన పాత రెవెన్యూ కాగితాల్లో కనిపించే మాటలే.

క్షణం పగటిపూట ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి క్యాలెండర్ కూడా మారుతుంది. మధ్యాహ్నంలోపు పడితే ఆ రోజే ఫర్వర్దీన్ నెల ఒకటో తేదీ. దాటితే మర్నాడు. 2025లో కొద్ది నిమిషాల తేడాతో మధ్యాహ్నం దాటింది. అందుకే మార్చి 20న పండుగ క్షణం వచ్చినా, 1404వ సంవత్సరం తొలి రోజు మార్చి 21 అయింది.

ఇది సూర్యుడు మేషంలోకి వచ్చే వేళ కూడా. 1925లో ఇరాన్ పార్లమెంటు ఇప్పుడున్న క్యాలెండర్‌ను తెచ్చేదాకా అక్కడి సౌరమాసాలకు రాశుల పేర్లే ఉండేవి. మొదటి నెల 'హమల్', అంటే గొర్రెపిల్ల, మన మేషం. అఫ్గాన్లు చాలాకాలం ఆ పేర్లే వాడారు. మరి మన మేష సంక్రమణం ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది కదా? మనవాళ్లు నక్షత్రాలను ఆనవాలుగా పెట్టుకుని రాశిని లెక్కిస్తారు, వాళ్లు సూర్యుడు మధ్యరేఖను దాటే ఆ క్షణాన్ని, అంటే విషువత్తును, పట్టుకున్నారు. పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ రెండూ ఇంచుమించు ఒకేచోట ఉండేవి. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల ఇప్పుడు ఇరవై నాలుగు రోజుల ఎడం వచ్చింది.

ఇంత శాస్త్రీయమైన లెక్క వెనక రాజుల ఆస్థానాలు, ఖగోళ పండితులు ఉన్న మాట నిజమే. అప్పట్లో ఇరాన్‌ను ఏలిన సెల్జుక్ సుల్తాన్ మలిక్‌షా కాలంలో, 1079లో, నౌరూజ్‌ను విషువత్తుకు గట్టిగా కట్టేశారు. ఆ పని చేసిన పండితుల్లో ఉమర్ ఖయ్యామ్ ఒకడు. కానీ పండుగ జరిగేది ఆస్థానంలో కాదు, మసీదులో కాదు, గుడిలో కాదు. నట్టింట్లో, నేల మీద పరిచిన ఒక బట్ట చుట్టూ జరుగుతుంది. పూజారి లేడు, తప్పనిసరి మంత్రం లేదు. ఇన్ని మతాలు, ఇన్ని వంశాలు మారినా నౌరూజ్ నిలబడటానికి అసలు కారణం ఇదేననిపిస్తుంది. గుడి చేతులు మారవచ్చు, వంటిల్లు మారదు.

పని మూడు వారాల ముందే మొదలవుతుంది. 'ఖానె తకానీ' అంటే ఇంటిని పట్టుకుని దులపడం. పేరుకు తగ్గట్టే ఉంటుంది ఆ హడావుడి. కర్టెన్లు దిగుతాయి, బీరువాలు గోడల నుంచి జరుగుతాయి, వంటింటి అటకలు ఖాళీ అవుతాయి. అన్నిటికన్నా పెద్ద పని తివాచీలు. వాకిట్లోనో డాబా మీదో పరిచి, నీళ్లు కొట్టి, సబ్బు నురగతో రుద్ది, చెక్కపలకతో నురగంతా లాగి, గోడ మీద ఆరేస్తారు. తడిసిన తివాచీని ఎత్తాలంటే నలుగురు కావాలి. ఇప్పుడు నగరాల్లో తివాచీలు కడిగే దుకాణాలకు వేస్తున్నారు కాబట్టి ఈ సీజన్‌లో వాటికి ఊపిరాడదు. సంప్రదాయం గురించి ముచ్చటగా రాసే వ్యాసాల్లో కనబడని సంగతి ఒకటుంది. ఈ చాకిరీలో సింహభాగం ఆడవాళ్లదే. పండుగ క్షణానికి ఇల్లు అద్దంలా మెరిసేసరికి ఇల్లాలి నడుం విరిగిపోతుంది.

దీని మీద ఒక అందమైన జానపద కథే ఉంది. నానె సర్మా, అంటే చలికాలపు అవ్వ, ఏడాదికోసారి వచ్చే అము నౌరూజ్ కోసం ఇల్లంతా ఊడ్చి, మంచి బట్టలు కట్టుకుని, కానుకలు సర్ది, కూర్చుని ఎదురుచూస్తుంది. ఒళ్లు అలిసి సరిగ్గా ఆ సమయానికి కునుకు పట్టేస్తుంది. ఆయన వస్తాడు, లేపడానికి మనసొప్పదు, పక్కన ఒక పువ్వు పెట్టి వెళ్లిపోతాడు. ఆమె లేచేసరికి వసంతం వచ్చేసి ఉంటుంది, ఆయన ఉండడు. మళ్లీ ఏడాది దాకా ఆగాల్సిందే. పండుగ పనితో అలసిన ఆడవాళ్లే ఈ కథ కట్టి ఉంటారని అనిపించకమానదు.

దుకాణాల సందడి సంగతి చెప్పనక్కర్లేదు. పండుగకు పెద్దలు చిన్నవాళ్లకిచ్చే డబ్బు కానుకను 'ఈదీ' అంటారు, ఉద్యోగులకు ఏడాది చివర ఇచ్చే బోనస్ పేరు కూడా అదే. చట్టం ప్రకారం కార్మికులకు రెండు నెలల మూల వేతనం ఇవ్వాలి, దానికో పైపరిమితి ఉంది. ఆ డబ్బుతోనే పిల్లలకు కొత్త బట్టలు, ఇంటికి పిస్తా, బాదం కలిపిన 'ఆజీల్', శనగపిండితో చేసే చిన్న చిన్న మిఠాయిలు వస్తాయి. ధరలు మండిపోయే ఏళ్లలో మొదట తగ్గేది పిస్తాయే. ఏడాది చివరి గురువారం సమాధుల దగ్గరకు వెళ్తారు. రాయి కడిగి, పూలు పెట్టి, ఖర్జూరాలు, హల్వా పంచుతారు. ఫర్వర్దీన్ అనే నెల పేరు పూర్వీకుల ఆత్మల కోసం జొరాస్ట్రియన్లు, అంటే ఇస్లాంకు ముందటి ఇరాన్ మతంవాళ్లు, పెట్టుకున్న మాట నుంచి వచ్చింది. ఆత్మలు ఇంటికి వస్తాయన్న నమ్మకం ఇప్పుడు లేకపోయినా, కొత్త ఏడు ముంగిట పెద్దలను తలుచుకోవడం మాత్రం పోలేదు.

ఏడాది చివరి మంగళవారం సాయంత్రం వీధుల్లో చిన్న చిన్న మంటలు లేస్తాయి. పేరు మాత్రం 'చహార్‌షంబే సూరీ', అంటే బుధవారపు వేడుక. పొద్దుగూకగానే మర్నాడు మొదలైనట్టే అన్న లెక్కలో మంగళవారం సాయంత్రం బుధవారమే. ఎండుకంపలు కుప్పలు పోసి, వరసగా వాటి మీంచి దూకుతూ మంటతో మాట్లాడతారు: "నా పాలిపోయిన రంగు నువ్వు తీసుకో, నీ ఎరుపు నాకివ్వు." భోగిమంట దగ్గర పెరిగినవాళ్లకు ఈ మాటలో ఆత్మీయత వెంటనే తగులుతుంది. పిల్లలు ముసుగులేసుకుని, గిన్నె మీద చెంచాతో టకటక కొడుతూ ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుక్కునే అలవాటు కూడా ఉంది. ఈ మంటను జొరాస్ట్రియన్ అగ్నిపూజకు అచ్చమైన వారసత్వంగా చాలామంది చెప్పేస్తారు. ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోలేం. పాత జొరాస్ట్రియన్ క్యాలెండర్‌లో ఏడు రోజుల వారమే లేదు, నెలలో ప్రతి రోజుకూ ఒక పేరుండేది. కాబట్టి మంట ఎంత పాతదైనా, బుధవారం మాత్రం తర్వాత వచ్చి చేరింది. పైగా నిప్పు పవిత్రమనుకునేవాడు దాని మీంచి దూకుతాడా? ఇప్పటి ఇబ్బంది వేరే. నగరాల్లో కంపల మంటల చోట నాటు బాంబులు వచ్చాయి. ఏటా ఆ రాత్రి కాలిన గాయాలతో ఆసుపత్రులకు చేరేవాళ్లు ఉంటారు.

ఇంటి లోపల ఈలోగా ఒక పళ్లెం పచ్చబడుతూ ఉంటుంది. రెండు వారాల ముందు గోధుమలో, పెసలో, మసూరు పప్పు గింజలో నానబోసి, ముక్కు పగిలాక వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, పైన తడిబట్ట కప్పుతారు. బట్ట ఆరకుండా రోజూ నీళ్లు చిలకరించాలి. వేళ్లు ఒకదానితో ఒకటి అల్లుకుని చాపలా అయ్యాక బట్ట తీసి కిటికీ దగ్గర పెడతారు. పండుగనాటికి అంగుళాల ఎత్తు పచ్చిక లేస్తుంది, దాని నడుముకు ఎర్ర రిబ్బన్ కడతారు. దీని పేరు 'సబ్జె'. నీళ్లు ఎక్కువైతే కుళ్లు వాసన, తక్కువైతే బోడి పళ్లెం. మన పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించేవాళ్లకు ఈ టెన్షన్ తెలుసు. సుమారు వెయ్యేళ్ల కిందట పండితుడు అల్బెరూనీ కూడా రాశాడు, నౌరూజ్‌కు ఏడు రకాల గింజలు మొలకెత్తించి, ఏది బాగా వస్తే ఆ పంట ఈ ఏడు బాగా పండుతుందని లెక్కగట్టేవారని. అంటే ఇది అలంకారంగా మొదలైన పళ్లెం కాదు, రైతు విత్తనానికి పెట్టుకున్న పరీక్ష.

గోధుమ మొలకలతోనే ఇంకో వంటకం, 'సమనూ'. తెల్లటి మొలకలు లేవగానే, ఆకుపచ్చ రంగు తిరగకముందే, రుబ్బి పాలు పిండుతారు. ఆ పాలలో పిండి కలిపి పెద్ద డేగిసాలో సన్నటి సెగ మీద రాత్రంతా కలుపుతూ ఉండాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి చుట్టుపక్కల ఆడవాళ్లందరూ చేరి వంతులేసుకుంటారు. పాటలు, కబుర్లు, మొక్కులు ఆ డేగిసా చుట్టూనే. తెల్లారేసరికి ముదురు గోధుమరంగు ముద్ద తయారవుతుంది. చెంచాడు పంచదార వేయకపోయినా తియ్యగా ఉంటుంది. కారణం మాయేమీ కాదు. మొలకెత్తే గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొడతాయి. మొలకెత్తిన రాగులతో మాల్ట్ కాచేవాళ్లకు ఈ తీపి పరిచయమే.

సబ్జె, సమనూ రెండూ చేరేది 'హఫ్త్ సీన్' దగ్గరకు. హఫ్త్ అంటే ఏడు. ఫార్సీలో 'స' శబ్దపు అక్షరం పేరు సీన్. ఆ అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులను ఒక బట్ట మీద సర్దుతారు: సబ్జె, సమనూ, 'సెంజెద్' అనే ఎండు పండు, సీర్ అంటే వెల్లుల్లి, సీబ్ అంటే యాపిల్, పుల్లటి ఎర్ర పొడి సుమాక్, సెర్కె అంటే వెనిగర్. సేబ్, సిర్కా హైదరాబాద్ బజారులో ఇప్పటికీ వినపడే మాటలే. ఏడింటిలో ఏదైనా దొరక్కపోతే పట్టింపు లేదు, సొంబొల్ అనే పువ్వు, సెక్కె అనే నాణేలు ఆ చోటు భర్తీ చేస్తాయి. వీటి పక్కన అద్దం, కొవ్వొత్తులు, రంగులేసిన కోడిగుడ్లు, గాజు గిన్నెలో ఎర్రచేప. భక్తి ఉన్న ఇంట్లో ఖురాన్, లేనింట్లో హాఫిజ్ కవితలు లేదా షానామా అనే ఇతిహాస కావ్యం, చాలా ఇళ్లలో రెండూ.

ఇంటర్నెట్‌లో హఫ్త్ సీన్ మీద దొరికే రాతలన్నీ ఇంచుమించు ఒకే పట్టిక ఇస్తాయి. వెల్లుల్లి ఆరోగ్యానికి, యాపిల్ అందానికి, వెనిగర్ ఓర్పుకు, మూడు వేల ఏళ్ల నుంచి ఇలాగే అంటూ. ఆ పట్టికను కాస్త అనుమానంగా చూడటమే మంచిది. ఏడు గింజల మొలకలు పాతవే. కానీ సీన్ అక్షరంతో ఏడు వస్తువులు అన్న నిబంధనకు పాత గ్రంథాల్లో ఆధారాలు చాలా తక్కువ. ఇరాన్ అంతటా ఇది ఇంటింటి ఆచారంగా పాకింది ముఖ్యంగా 20వ శతాబ్దంలో, పత్రికలు, రేడియో, టీవీల కాలంలో. పక్కనే అఫ్గాన్ ఇళ్లలో ఏడు సీన్లు కాదు, 'హఫ్త్ మేవా' చేస్తారు. బాదం, పిస్తా, కిస్‌మిస్ లాంటి ఏడు రకాల ఎండు పండ్లు, గింజలు నీళ్లలో నానబెట్టి, ఊరిన తీపి నీళ్లతో సహా అతిథికి గిన్నెలో ఇస్తారు. ఎర్రచేప కూడా తర్వాతొచ్చిన చుట్టమే. గాజు గిన్నెలో ఊపిరాడక చచ్చే చేప వసంతానికి గుర్తేమిటని ఇరాన్‌లోనే చాలామంది ఇప్పుడు దాన్ని మానేసి, నీళ్లలో నారింజపండు తేలేస్తున్నారు. ఆచారం కొత్తదైతే విలువ తగ్గిపోదు. ఇల్లాలు తనకు తోచినట్టు మార్చుకోగలిగింది కాబట్టే అది బతికుంది.

ఇక ఆ క్షణం. 2024లోలా ఉదయం ఆరున్నరకైతే చీకటితోనే పిల్లలను లేపి, స్నానాలు చేయించి, కొత్త బట్టలు తొడిగి కూర్చోబెట్టాలి. 2023లోలా అర్ధరాత్రి దాటాకైతే వాళ్లను నిద్రపోకుండా ఆపాలి. అందరూ బట్ట చుట్టూ చేరతారు. టీవీలో సెకన్లు తగ్గుతూ ఉంటాయి. ఇంటిపెద్ద "హృదయాలను, చూపులను తిప్పేవాడా, మా స్థితిని మేలైన స్థితికి తిప్పు" అనే అరబ్బీ ప్రార్థన చదువుతాడు. ప్రార్థన అలవాటు లేని ఇంట్లో హాఫిజ్ పుస్తకం యథాలాపంగా తెరిచి వచ్చిన గజల్ చదువుతారు. భూమిని ఒక ఎద్దు కొమ్ము మీద మోస్తోందని, ఏడాది మారేటప్పుడు ఒక కొమ్ము మీంచి ఇంకో కొమ్ముకు వేసుకుంటుందని పాత నమ్మకం. అందుకని అద్దం మీద పెట్టిన కోడిగుడ్డు ఆ క్షణంలో కదులుతుందంటారు. పిల్లలు దాన్నే కళ్లప్పగించి చూస్తారు. టీవీలో ఫిరంగి మోగగానే గుడ్డు సంగతి ఎవరికీ గుర్తుండదు, కావలింతలు, ముద్దులు, ఫోన్లు.

ఖురాన్ పేజీల మధ్య దాచిన కరకరలాడే కొత్త నోట్లు అప్పుడు బయటికొస్తాయి. పెద్దలు చిన్నవాళ్లకిచ్చే ఈదీ ఇది. నలిగిన నోటు ఇవ్వడం నామోషీ, అందుకే పండుగ ముందు బ్యాంకుల్లో కొత్త నోట్లకు గిరాకీ. భోజనంలో 'సబ్జీ పొలో బా మాహీ' ఉండాలి. కొత్తిమీర, సోయికూర, ఉల్లికాడల్లాంటి ఆకులు, కాస్త మెంతికూర సన్నగా తరిగి బియ్యంతో వండిన ఆకుపచ్చ అన్నం, పక్కన వేయించిన చేప. కాస్పియన్ సముద్రపు తెల్లచేప దొరికితే ఆ ఇంటికి ఇక లోటు లేదు.

తర్వాత రోజులన్నీ 'దీద్ ఒ బాజ్‌దీద్', అంటే చూడ్డం, తిరిగి చూడ్డం. దీనికో కచ్చితమైన వరస ఉంది. మొదట చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇంటికి వెళ్లాలి. తాతమ్మ, తాతయ్య, పెద్దనాన్న, అలా దిగుతూ రావాలి. ఆ తర్వాత పెద్దలు తిరిగి వీళ్లింటికి రావాలి. పావుగంట కూర్చుని, టీ తాగి, ఒక మిఠాయి నోట్లో వేసుకుని లేవాలి, ఎందుకంటే ఇంకో నాలుగిళ్లు ఉన్నాయి. ఏడాదంతా మాటల్లేని అన్నదమ్ములకు ఇదొక సాకు. ముందు ఎవరు వెళ్లాలో వరసే చెబుతుంది కాబట్టి, వెళ్లినవాడు తగ్గినట్టు కాదు. ఇప్పుడు కొందరు ఈ తిరుగుళ్లు తప్పించుకోవడానికే పండుగ సెలవుల్లో ఊళ్లు తిరగడానికి వెళ్లిపోతున్నారు.

పాలకులు ఈ పండుగతో ఆడుకోవాలని చూడకపోలేదు. 1976లో ఇరాన్ రాజు షా ఇస్లామీ సంవత్సర సంఖ్యను పక్కనపెట్టి, ప్రాచీన హఖామనీ వంశపు చక్రవర్తి కోరెష్ (సైరస్) నుంచి లెక్క మొదలుపెట్టించాడు. జనం 1355లో ఉండగా ప్రభుత్వం 2535 అంది. రెండేళ్లకే, 1978లో, పాత లెక్కకు తిరిగి రావాల్సి వచ్చింది. సంవత్సరపు అంకె అటూ ఇటూ అయింది కానీ ఫర్వర్దీన్ ఒకటి కదల్లేదు. 1979 విప్లవం తర్వాత కొందరు మతపెద్దలు ఇదంతా ఇస్లాంకు ముందటి మూఢాచారమన్నారు. ముఖ్యంగా బుధవారపు మంటలంటే వాళ్లకు గిట్టలేదు. జనం మంటలు మానలేదు, అధికారిక సెలవులూ మిగిలాయి. నట్టింటి బట్టను ఏ పోలీసు తీయించగలడు?

మన వైపు చూస్తే, హైదరాబాద్‌కు ఈ పండుగ కొత్తదేమీ కాదు. గోల్కొండ వంశాన్ని మొదలుపెట్టిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతంవాడు. 1591లో నగరం కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో బసంత్ మీద రాసినట్టే నౌరూజ్ మీదా కవితలు రాశాడు. నగరంలోని పార్సీలకు మార్చి 21న జంషెడీ నవ్‌రోజ్ ఉంది, కానీ ఎక్కువమంది పెద్ద పండుగ ఆగస్టు మధ్యలో చేసుకుంటారు. లీపు దినాలు కలపని పాత 365 రోజుల క్యాలెండర్‌తోనే వాళ్లు సాగారు కాబట్టి, నాలుగేళ్లకొక రోజు చొప్పున సంవత్సరాది వసంతాన్ని వదిలి జారిపోయింది. 1079లో మలిక్‌షా పండితులు సరిచేసింది సరిగ్గా ఈ జారుడునే. 2009లో యునెస్కో నౌరూజ్‌ను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ప్రతిపాదించిన దేశాల్లో ఇరాన్‌తో పాటు భారత్ కూడా ఉంది.

పదమూడో రోజు ఇంట్లో ఉండకూడదు. 'సీజ్దహ్ బెదర్', పదమూడును బయటికి నెట్టేయడం. ఏప్రిల్ ఒకటి లేదా రెండున ఊళ్లకు ఊళ్లు పార్కులకు, వాగు ఒడ్డులకు కదులుతాయి. తివాచీ, టీ సమోవర్, కబాబ్ బొగ్గులు, నూడుల్స్, చిక్కుళ్లతో చేసిన చిక్కటి 'ఆష్', తేనె వెనిగర్ పాకంలో ముంచుకు తినే లెట్యూస్ ఆకులు. ఇంట్లో పసుపురంగు తిరగడం మొదలైన సబ్జె పళ్లెం కూడా వెంట వస్తుంది. దాన్ని పారే నీళ్లలో వదిలేయాలి, తిరిగి ఇంటికి తేకూడదు, ఇంకొకరు వదిలింది ముట్టుకోకూడదు. రెండు వారాల్లో ఇంట్లోని నలతంతా అది పీల్చుకుందని నమ్మకం. వదిలే ముందు పెళ్లికాని అమ్మాయిలు గడ్డిపోచలు ముడేస్తారు. "వచ్చే ఏటికి మొగుడింట్లో, చంకలో బిడ్డతో" అని పక్కనున్న అత్తలు, పిన్నులు పాడి ఏడిపిస్తారు. ఇప్పటి అమ్మాయిలు యూనివర్సిటీ సీటు కోసమో, వీసా కోసమో ముడేస్తున్నామని నవ్వేస్తారు.

చీకటి పడేవేళకు కార్లు బారులు తీరి నగరానికి తిరిగొస్తాయి. మొన్నమొన్నటిదాకా వెనక సీట్లో పిల్లలకు అప్పుడు గుర్తొచ్చేది, 'పేకె నౌరూజీ'. సెలవుల కోసం బడిలో ఇస్తూ వచ్చిన హోంవర్క్ పుస్తకం పేరది, అర్థం నౌరూజ్ దూత. పదమూడు రోజులూ సంచిలోంచి బయటికి రాని ఆ దూతను ఆ ఒక్క రాత్రిలో నింపాల్సి వచ్చేది. అమ్మ లెక్కలు చెప్పేది, అక్క బొమ్మలకు రంగులేసేది, తెల్లారితే బడి.